నాన్నగారి డీటీపీ సెంటరు హార్డు డిస్కును ఉంచుకోవాలా, చెరిపివేయాలా?

ప్రశ్న: తెనాలి అబ్బాయి

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1997 నుంచి 2011 వరకు తెనాలిలో డీటీపీ సెంటరు (కంప్యూటరు మీద టైపు చేసి, పేజీలు కూర్చి ఇచ్చే దుకాణం) నడిపారు. ఆయన కాలం చేసి రెండేళ్లయింది. ఈ వేసవిలో ఇల్లు సర్దుతుండగా అటక మీద 40 జీబీ హార్డు డిస్కు ఒకటి, పాతిక దాకా సీడీలు బయటపడ్డాయి. తమ్ముడు అడాప్టరు కొని తగిలిస్తే డిస్కు కాస్త గరగరలాడినా తిరిగింది. అందులో శుభలేఖలు, కరపత్రాలు, అద్దె ఒప్పందాలు, ఎవరెవరివో బయోడేటాలు, వాటి మధ్యలో నేను డిగ్రీ రోజుల్లో దాచుకున్న ఎంపీ3 పాటలు, అన్నీ కలిపి పదకొండు వేల పైచిలుకు ఫైళ్లు ఉన్నాయి. చాలావరకు పేజ్‌మేకర్ 6.5 అనే పేజీ కూర్పు సాఫ్ట్‌వేరులో అను అనే తెలుగు ఫాంట్లతో చేసినవి కావడం వల్ల నా ల్యాప్‌టాప్‌లో తెరుచుకోవు. వర్డులో చేసినవి తెరుచుకున్నా తెలుగుకు బదులు ఆంగ్లాక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి కనిపిస్తుంది.

పరిచయస్తుల సెంటరులో ఇంకా పనిచేస్తున్న పాత కంప్యూటరు మీద నాలుగే నాలుగు ఫైళ్లు తెరిపించి చూశాను. అవి 2006లో జరిగిన మా అక్క పెళ్లి శుభలేఖ ప్రతులు. మొదటిదానిలో ముహూర్తం వైశాఖంలో ఉంది, ఆహ్వానించేవారిలో మా నాయనమ్మ పేరు ముందుగా ఉంది. చివరిదానిలో ముహూర్తం శ్రావణానికి మారింది, నాయనమ్మ పేరు ముందు ‘కీ.శే.’ చేరింది. కన్యాదానం ఏడాదిలోపు చేయవచ్చని పెద్దలు చెప్పడంతో పెళ్లి ఆపలేదని విన్నాను గాని, ఆ రెండక్షరాలను నాన్నగారే టైపు చేసి ఉంటారన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు.

తెరుచుకోని ఫైలుకూ లేని ఫైలుకూ తేడా ఏముందని తమ్ముడి వాదన. అతని మాట కొట్టిపారేయలేను. పదకొండు వేల ఫైళ్లలో ఇలాంటివి పది ఉంటాయేమో, మిగిలినవన్నీ ఎవరివో. ఏం చేయమంటారు?

జవాబు 1: గ్రంథాలయ మిత్రుడు

ఏది ఉంచాలన్నది తరువాత తేల్చవచ్చు, ముందు ఆ డిస్కులో ఇంకేమీ రాయకండి. గరగర వినిపిస్తోందంటే దాని ఆయువు ఎంతో చెప్పలేం కనుక, ఒక్కొక్క ఫైలూ తెరిచి చూసి ముచ్చటపడేలోపు మొత్తం డిస్కుకు ఇమేజి (ఉన్నది ఉన్నట్టుగా పూర్తి నకలు) తీయించండి. డీడీరెస్క్యూ వంటి సాధనం బాగున్న భాగాలను ముందుగా చదివి, మొరాయించే భాగాల దగ్గరికి తరువాత వస్తుంది. సీడీల మీద ఉండే రంగుపూత కాలక్రమేణా చెడిపోతుంది కాబట్టి వాటినీ ఆలస్యం చేయకుండా కాపీ చేయండి. ఒక డ్రైవులో చదవని సీడీ మరొక డ్రైవులో చదవడం నేను చాలాసార్లు చూశాను.

మీకు కనిపించిన గజిబిజికి కారణం ఇది. ఆ కాలపు ఫాంట్లు తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్లు, గుడులు, ఒత్తులను, ఆంగ్లాక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టాయి. అన్ని భాషల అక్షరాలకూ వేటి సంఖ్య వాటికి ఇచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు 1991లోనే కేటాయించినా, మన అచ్చు రంగం చాలాకాలం ఆ వైపు చూడలేదు. కనుక ఆ డిస్కులోని ఫాంట్ల ఫోల్డరును పొరపాటున కూడా పోగొట్టుకోకండి, అది పోతే మిగిలినదంతా మూగబోతుంది. పేజ్‌మేకర్ 6.5 ఫైళ్లను అడోబీ వారి పేజీ కూర్పు సాఫ్ట్‌వేరు ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వెర్షను వరకు తెరవవచ్చు, ఆ తరువాతి వెర్షన్లు తెరవవు. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ డ్రా తెరుస్తుంది గాని పేజీ కూర్పు చెదరవచ్చు. అన్నిటికన్నా మేలైన దారి, మీరు చెప్పిన ఆ పాత కంప్యూటరు మీదనే, ఫాంటు ఇమిడి ఉండేలా పీడీఎఫ్‌లు చేయించుకోవడం. పాఠ్యం కూడా కావాలనుకుంటే అనును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి కనుక ప్రూఫు దిద్దక తప్పదు.

ఒక్క ప్రశ్న. ఆ నాలుగు ఫైళ్లను తెరిచినప్పుడు తిరిగి సేవ్ చేయలేదు కదా? మీరు చెప్పిన కథలో సగం ఆ ఫైళ్ల తేదీల్లోనే ఉంది.

జవాబు 2: ప్రూఫు రీడరమ్మ

పై మిత్రుడి సాంకేతిక సలహా సరైనదే గాని, అంతా దాచమనడంతో నేను ఏకీభవించలేను. పద్దెనిమిదేళ్లు డీటీపీ పని చేసినదాన్ని కనుక చెబుతున్నాను. మా దగ్గరికి వచ్చేవారు కాగితాన్నే కాదు, గుట్టును కూడా మా చేతికిస్తారు. అమ్మాయి బయోడేటాలో వయసు ఒక ఏడాది తగ్గించమన్న తండ్రి, అన్నదమ్ముల పంపకాల ముసాయిదా మూడోవాడికి తెలియకుండా టైపు చేయించుకున్న పెద్దాయన, స్కాన్ చేసి మరిచిపోయిన కుల ధ్రువపత్రాలు, ఇవన్నీ ఆ డిస్కులో ఉండి తీరతాయి. అవి మీ నాన్నగారి జ్ఞాపకాలు కావు, ఆయన దగ్గర ఉండిపోయిన పరాయి సొమ్ము. ఇమేజి తీసినా, ఏరుకోవలసినవి ఏరుకున్నాక ఆ ఇమేజిని కూడా చెరిపివేయండి. శుభలేఖలు వేరే సంగతి, అవి ఊరంతటికీ పంచినవే.

డిస్కును పాత సామాన్ల వాడికి అలాగే వేయకండి. ఫైలును డిలీట్ చేస్తే, పైపైన ఫార్మాట్ చేస్తే, లోపలి సమాచారం పోదు. డిస్కు అంతటా కొత్తగా ఏదైనా రాయించాలి, లేదా లోపలి పళ్లేలకు డ్రిల్లుతో చిల్లులు వేయించాలి.

జవాబు 3: డాలస్ తెలుగువాడు

ఎంపీ3 పాటల గురించి ఎవరూ చెప్పలేదు. అవి తీసేయండి, ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతాయి. నేను అలాగే తీసేశాను, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వెతుక్కోలేదు. అయితే ఏ పాట తరువాత ఏ పాట అని పేర్చుకున్న ప్లేలిస్టు ఫైలు ఉంటే మాత్రం ఉంచుకోండి, అది రెండు మూడు కేబీలకు మించదు.

ప్రశ్న అడిగినవారు: తెనాలి అబ్బాయి

అందరికీ కృతజ్ఞతలు. గ్రంథాలయ మిత్రుడు అనుమానించినట్టే జరిగింది. మొదటి ప్రతిని చూసి మూసేటప్పుడు అడిగినదానికి అలవాటుగా అవునని నొక్కాను, 2006 పోయి ఈ నెల తేదీ పడింది. అయితే నిన్న సీడీలు కాపీ చేస్తుండగా పన్నెండో సీడీలో అదే ఫైలు పాత తేదీతో దొరికింది. మొదటి ప్రతికీ చివరి ప్రతికీ నడుమ నలభై ఒక్క రోజులు.

బయోడేటాలు, ఒప్పందాలు, ధ్రువపత్రాలు తెరవకుండానే తొలగిస్తాము, చిల్లులు వేసే పని తమ్ముడు తీసుకున్నాడు. శుభలేఖలకూ కరపత్రాలకూ పీడీఎఫ్‌లు చేయిస్తున్నాము, రోజుకు నలభైకి మించి కావడం లేదు. అమ్మకు రెండు ప్రతులూ చూపించాను. మొదటిదాన్ని మాత్రమే అచ్చు వేయించి తెమ్మంది.