ప్రార్థన డైరీ రాయడం ఎలా మొదలుపెట్టాలి?

అడిగినవారు: కూకట్‌పల్లి నుండి ఒక సోదరి

అందరికీ వందనాలు. మా సంఘంలో జరిగిన యౌవనుల కూటంలో ప్రసంగించిన ఒక అక్క, రోజూ బైబిలు వాక్యం చదివిన తరువాత మనసులోని మాటను ఒక పుస్తకంలో రాసుకొమ్మని సలహా ఇచ్చారు. ఆ మాట నాకు నచ్చింది కానీ, మొదలుపెట్టబోయేసరికి సందేహాలు చుట్టుముట్టాయి. నేను హాస్టల్‌లో మరో ఇద్దరితో కలిసి ఒకే గదిలో ఉంటాను. ఉదయం హైటెక్ సిటీకి బయలుదేరే హడావిడిలో వాక్యం చదవడమే గగనం, రాత్రి తిరిగి వచ్చేసరికి కళ్ళు మూతలు పడుతుంటాయి. పైగా ఏం రాయాలో తెలియదు. దేవుడు నాకు ఇది చేశాడని సంఘంలో సాక్ష్యంగా చెప్పుకోదగ్గ సంగతులేవీ నా రోజుల్లో జరగవు. ఎంతసేపూ నా బాధ, నా కోపం, నా భయం అని రాసుకుంటూ కూర్చోవడం విశ్వాసికి తగినదేనా, లేక అది నా చుట్టూ నేనే తిరగడమా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు: తార్నాక నుండి, విశ్రాంత ఉపాధ్యాయిని

అమ్మా, నీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలితే మిగిలినవి చాలావరకు సర్దుకుంటాయి. నువ్వు రాసేది ఎవరితో మాట్లాడుతూ రాస్తున్నావు అన్నదే ఇక్కడ అసలు సంగతి. నీతో నువ్వే మాట్లాడుకుంటే నీ భయం నీ దగ్గరే తిరుగుతూ ఉంటుంది. అదే భయాన్ని "ప్రభువా" అని మొదలుపెట్టి రాస్తే అది ప్రార్థన అవుతుంది. పదమూడవ కీర్తన ఎలా మొదలవుతుందో చూడు: "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" దావీదు తన బాధను దాచుకోలేదు, అలాగని గాలికీ చెప్పుకోలేదు, దేవునికే ఎదురుగా నిలబడి అడిగాడు. ఆ కీర్తన ఆరు వచనాల్లోనే పాటగా మారుతుంది. ఎనభై ఎనిమిదవ కీర్తన అలా మారదు, అది చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది. అయినా దానిని పరిశుద్ధ గ్రంథంలో నుండి ఎవరూ తీసివేయలేదు. మన సంఘాలలో సాక్ష్యం అంటే చివరికి "దేవునికి స్తోత్రం" అని ముగియాలన్న అలవాటు బాగా నాటుకుపోయింది కాబట్టి, డైరీలో కూడా ప్రతి పేజీని స్తుతితోనే ముగించాలని పిల్లలు తంటాలు పడుతుంటారు. ఆ అవసరం లేదు.

ఏం రాయాలన్నావు. ఉద్యోగం చేసే ఒక అమ్మాయి ఒక రోజు ఇలా రాసుకుందనుకో: "ప్రభువా, ఈ రోజు మీటింగులో నేను చేసిన పనిని ఇంకొకరు తమదిగా చెప్పుకున్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు నిజం కాదు. మధ్యాహ్నం అన్నం సహించలేదు. క్షమించాలని నాకు ఇంకా అనిపించడం లేదు." ఆ రోజుకు ఇది చాలు. ఇందులో దర్శనం లేదు, స్వరం లేదు. కానీ దేవుని ముందు అబద్ధం కూడా లేదు.

జవాబు: బొల్లారం నుండి ఒక సోదరుడు

సిస్టర్ గారూ, నేను ఆచరణకు సంబంధించిన సంగతులే చెబుతాను. తేదీలు అచ్చువేసిన డైరీ కొనకండి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త సంవత్సరానికి ఒక బైబిలు వచనం రాసి ఇచ్చే వాగ్దాన కార్డు అందుకుని, మర్నాడు కొత్త డైరీ తెరిచినవారిలో చాలామంది సంక్రాంతి దాటకుండానే ఆపేస్తారు, ఎందుకంటే ఖాళీగా మిగిలిన ప్రతి తేదీ వారిని నిందిస్తున్నట్టు కనిపిస్తుంది. కోఠిలోనో, మీ వీధి చివర స్టేషనరీ దుకాణంలోనో ఒక గీతల నోట్‌బుక్ తీసుకోండి. తేదీ మీరే వేసుకుంటే, మధ్యలో ఎన్ని రోజులు తప్పిపోయినా తరువాతి పేజీ మామూలుగానే మొదలవుతుంది. ఉదయం కుదరకపోతే మెట్రోలో సీటు దొరికినప్పుడు రాయవచ్చు. చదివిన భాగంలో నుండి ఒక్క వచనాన్ని చేతితో ఎత్తి రాసి, దాని కింద రెండు వాక్యాలు రాయండి. ఇలా చేతితో ఎత్తి రాయడం పాత పద్ధతే: ఇశ్రాయేలు రాజు సింహాసనం ఎక్కినప్పుడు ధర్మశాస్త్రానికి ఒక ప్రతిని తన కోసం రాసుకోవాలని ద్వితీయోపదేశకాండం పదిహేడవ అధ్యాయంలో ఉంది.

గదిలో ఇతరులు చదువుతారన్న భయం కొత్తది కాదు. సికింద్రాబాదులో మనం ఎవరి పేరుతో చర్చీలు, బడులు చూస్తున్నామో ఆ జాన్ వెస్లీ, అంటే మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన ఇంగ్లండు బోధకుడు, 1725లో డైరీ రాయడం ప్రారంభించి, దానిని సంకేతలిపిలోనూ సంక్షిప్తలిపిలోనూ రాసుకున్నాడు. నలుగురు చదవడం కోసం ఆయన అచ్చు వేయించిన జర్నల్ వేరు. మీకు అంత శ్రమ అక్కరలేదు. మనుషుల పేర్లకు బదులు మొదటి అక్షరం వేసి, పుస్తకాన్ని ఆఫీసు బ్యాగులో పెట్టుకుంటే సరిపోతుంది. పుస్తకం చివరి పేజీలలో మాత్రం ఒక వైపు అడిగిన ప్రార్థననూ తేదీనీ, ఎదురుగా జవాబు వచ్చిన తేదీనీ రాసుకోండి. బ్రిస్టల్ నగరంలో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్ తన ప్రార్థనలనూ వాటికి వచ్చిన జవాబులనూ ఇలాగే నమోదు చేసుకున్నాడు.

జవాబు: మల్కాజిగిరి నుండి ఒక సంఘకాపరి

టీచర్ గారు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. సోదరుడు చెప్పిన రెండు వరుసల పద్ధతిని మాత్రం మొదట్లోనే పట్టుకోవద్దని నా అభిప్రాయం. ముల్లర్ గారి మీద వందలాది పిల్లల అన్నం ఆధారపడి ఉండేది కాబట్టి ఆయన లెక్క రాయడం న్యాయమే. కొత్తగా మొదలుపెట్టినవారు అదే పని చేస్తే, జవాబు వరుసలోని ఖాళీలను చూసి దేవుని మీదనో తమ విశ్వాసం మీదనో తీర్పు చెప్పుకుంటారు. జరిగిన మేలును జరిగిన రోజున రాసి పెట్టుకుంటే చాలు. "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అని నూట మూడవ కీర్తన చెప్పేది జ్ఞాపకం గురించే.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. సున్నితమైన మనసున్నవారు ఒకసారి ఒప్పుకున్న పాపాన్నే రోజూ మళ్ళీ మళ్ళీ రాస్తూ, ఆ పుస్తకాన్ని తమ మీద తామే వేసుకున్న అభియోగపత్రంగా మార్చుకోవడం నేను చూశాను. ఒప్పుకుంటే క్షమిస్తాడని మొదటి యోహాను పత్రిక చెబుతున్నప్పుడు ఆ పేజీ అక్కడితో ముగియాలి. వారాల తరబడి నిద్ర లేకుండా అదే దుఃఖం రాస్తున్నట్టయితే కాగితం చాలదు; నమ్మకమైన మనిషితో మాట్లాడాలి, అవసరమైతే డాక్టరును కలవాలి. అది అవిశ్వాసం కాదు.

తిరిగి అడిగినవారు: కూకట్‌పల్లి సోదరి

అందరికీ కృతజ్ఞతలు. నోట్‌బుక్ కొన్నాను. ఒక్క సందేహం మిగిలింది: స్నేహితులు రహస్యంగా చెప్పిన ప్రార్థన మనవులను అందులో రాయవచ్చా?

జవాబు: తార్నాక ఉపాధ్యాయిని

రాయవద్దమ్మా. "ర కోసం" అని మాత్రం రాసుకో, సంగతి రాయకు. అది వారి కష్టం. నీకు చెప్పారే తప్ప నీ పుస్తకానికి చెప్పలేదు. ఆ అక్షరం చూస్తే నీకు జ్ఞాపకం వస్తుంది, దేవునికి వివరాలు ముందే తెలుసు.