అప్‌డేట్: ఆన్ ఫ్రాంక్ గదిలో ఉన్న డెంటిస్టు నిజంగా అంత చిరాకు మనిషా?

పోయిన నెల నేను అడిగింది ఇదే. ఆన్ అంటే రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకి దొరక్కుండా ఆమ్‌స్టర్‌డామ్‌లో దాక్కుని డైరీ రాసిన యూదు అమ్మాయి. జవాబిచ్చినవాళ్లకి థాంక్స్. "అసలు పేరుతో వెతుకు" అన్న సలహాయే పనిచేసింది. డైరీలోని 'డుస్సెల్' ఆన్ పెట్టిన మారుపేరు, జర్మన్‌లో దాదాపు 'మొద్దు' అని! అసలు పేరు ఫ్రిట్జ్ ఫెఫర్. ఆయనా యూదుడే, 1942 నవంబరులో వాళ్లు దాక్కున్న చోటికి ఎనిమిదో మనిషిగా వచ్చాడు. ఆయనకి 53, ఆన్‌కి 13, ఇద్దరికీ ఒకటే గది, ఒకటే బల్ల. వారానికి రెండు మధ్యాహ్నాలు, గంటన్నర చొప్పున బల్ల ఇమ్మని ఆన్ అడిగితే ససేమిరా అన్నాడు. చివరికి ఆన్ నాన్న కల్పించుకుంటే గానీ తేలలేదు. కాబట్టి చిరాకు నిజమే.

కానీ నాజీల నుంచి కాపాడుకోడానికి కొడుకుని ఒంటరిగా ఇంగ్లండు పంపేసిన తండ్రి ఆయన. ప్రేమించినామె యూదురాలు కాదు, నాజీ చట్టాలు పెళ్లి చేసుకోనివ్వలేదు. ఆమె అదే ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నా ఉత్తరాలే దిక్కు. 1944 డిసెంబరులో నోయెన్‌గామె అనే నాజీ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు.