కేజన్ కంట్రీ సైకిల్ టూర్: వెనకబడ్డవాళ్ల కోసం ఆగాలా, వద్దా?

కేటీ_సుబ్బు:
వచ్చే ఏప్రిల్ మన సౌత్ లూసియానా (కేజన్ కంట్రీ) టూర్ రూటు దాదాపు ఖాయమైంది. బుధవారం సాయంత్రం హ్యూస్టన్ నుంచి ఐ-10 హైవే మీద కార్లలో లఫాయెట్ చేరతాం. గురువారం బ్రో బ్రిడ్జ్, లేక్ మార్టిన్ మీదుగా సెయింట్ మార్టిన్‌విల్. శుక్రవారం బయూ టెష్ అనే వాగు వెంబడి న్యూ ఐబీరియా, అక్కణ్ణుంచి ఏవరీ ఐలండ్ చూసుకుని ఆబీవిల్. శనివారం క్రౌలీ మీదుగా యూనిస్, ఆదివారం ఓపలూసస్, గ్రాండ్ కోటో మీదుగా తిరిగి లఫాయెట్. తేలనిది ఒకటే. పోయినసారి గొడవైంది కాబట్టి ముందే అడుగుతున్నాను. ప్రతి మలుపు దగ్గరా అందరూ వచ్చేదాకా ఆగాలా, లేక వెనక వ్యాన్ ఎలాగూ ఉంది కదా అని ఎవరి స్పీడులో వాళ్లు పోవచ్చా? తిట్టుకోకుండా చెప్పండి.

గాలివాటం:
నా ఓటు ఆగొద్దనే. సౌత్ లూసియానాలో ఎక్కడా ఎత్తూ పల్లం ఉండదు, అంటే పెడల్ ఆపి సేద తీరే దిగుడు కూడా ఉండదు, పొద్దున్న నుంచీ ఒకే రిథమ్‌లో తొక్కాలి, మధ్యలో అరగంట ఆగితే కాళ్లు పట్టేస్తాయి. పైగా మధ్యాహ్నానికి ఉక్కపోత, ఆ తర్వాత ఉరుములు. శుక్రవారం ఏవరీ ఐలండ్ వైపు పోయేటప్పుడు గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వచ్చే గాలి సరిగ్గా మొహానికి కొడుతుంది, అటూ ఇటూ చెరుకు పొలాలే, ఏప్రిల్‌లో చెరుకు మోకాలెత్తు కూడా ఉండదు, అడ్డం పెట్టుకోవడానికి చెట్టు లేదు. అలాంటి చోట నలుగురం ఒకరి వెనక ఒకరు వరసగా పోతేనే గిట్టుబాటు. పోయినసారి ఓ నాలుగు రోడ్ల కూడలిలో నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డాం. వెనకవాళ్లు ఎక్కడున్నారయ్యా అంటే మాంసం కొట్లో క్రాక్లిన్స్ (వేయించిన పంది చర్మం ముక్కలు) కొనుక్కుంటున్నారు!

నిదానం_ప్రసాద్:
నలభై కాదు, పాతిక. క్రాక్లిన్స్ కాదు, బూడాన్, అన్నం కలిపిన పంది సాసేజ్.

గాలివాటం:
నా సైకిల్ మీద గార్మిన్ జీపీఎస్‌లో రికార్డుంది. ముప్పై ఎనిమిది.

నిదానం_ప్రసాద్:
అందులో మీరు నీళ్లు పట్టుకున్న టైమ్ కూడా కలిసింది. సరే, అసలు సంగతికి వస్తా. మైళ్లే కావాలంటే మన హ్యూస్టన్ టెర్రీ హెర్షీ పార్కులో గుండ్రంగా తిరగండి, మూడున్నర గంటలు కారులో కూర్చుని లూసియానా దాకా ఎందుకు? నేను తణుకు దగ్గర పుట్టి పెరిగినవాణ్ణి, వరీ చెరుకూ నాకు కొత్త కాదు. కానీ క్రౌలీ చుట్టుపక్కల కోత అయిపోయిన వరిమళ్లకు మళ్లీ నీళ్లు పెట్టి క్రాఫిష్ (రొయ్యల్లాంటివి) పెంచడం అక్కడే చూశాను. నీళ్లలోంచి వరసగా తీగ బుట్టల మూతులు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, రైతు ఓ చిన్న అల్యూమినియం పడవలో వస్తాడు, దాని వెనక ఇనుప చక్రం మట్టిని తన్నుకుంటూ నడిపిస్తుంది, అడ్డంగా గట్టొస్తే పడవ గట్టెక్కి దిగేస్తుంది! బుట్ట ఎత్తడం, కుమ్మరించడం, కొత్త ఎర వేయడం, పడవ ఆగనే ఆగదు. అది చూస్తూ నిలబడ్డందుకేనా నన్ను రెండు రోజులు లేటు లతీఫ్ అన్నారు? లేక్ మార్టిన్‌లో చెట్ల నిండా కొంగల గూళ్లు, గులాబీ రంగు స్పూన్‌బిల్ పక్షులు, గట్టు మీద మొసళ్లు. మీ గార్మిన్‌లో అవి రికార్డయ్యాయా?

రవ్వట్టు:
మొసలి పక్కన ఆగమంటున్నారా, ఆగొద్దంటున్నారా 😀

గాలివాటం:
చూడొద్దని ఎవరన్నారు? చూడండి, రోజంతా చూడండి. మీరు చూసినంతసేపూ నన్ను ఎండలో నిలబెట్టకండి, అంతే.

డాలస్_వాణి:
ఇది స్పీడు గొడవ కాదు, సేఫ్టీ గొడవ. ఆ పల్లె రోడ్లకి చాలా చోట్ల పక్కన షోల్డర్ జాగా ఉండదు, పికప్ ట్రక్కులు గంటకి 55 మైళ్లలో పోతాయి. సైకిల్‌కి మూడడుగులు వదలాలని లూసియానాలో చట్టమైతే ఉంది, ట్రక్కువాడికి అది గుర్తుండాలి కదా. నాకు పంక్చరైనప్పుడు ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఒక ఇంట్లోంచి రెండు కుక్కలు వచ్చాయి, సైకిల్ అడ్డం పెట్టుకుని నిలబడ్డా. ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఆ గ్రూపులో ఉన్న ఒకాయన ఇప్పుడు ఇక్కడ రిథమ్ గురించి రాస్తున్నారు.

గాలివాటం:
మేడమ్, మీకు స్పేర్ ట్యూబ్ తెచ్చుకోమని మెయిల్ పెట్టాం.

డాలస్_వాణి:
ట్యూబ్ ఉందండీ. కుక్కలకి ట్యూబ్ చూపించాలా?

బోస్_ఆస్టిన్:
నాదో మాట. అసలు ఈ కేజన్లు ఎవరు? 1755 నుంచి బ్రిటిష్‌వాళ్లు కెనడాలోని నోవా స్కోషియా వైపు నుంచి ఓడలెక్కించి తరిమేసిన అకేడియన్ల, అంటే అక్కడి ఫ్రెంచివాళ్ల, వారసులు. ఎన్నో కుటుంబాలు తలో ఓడలో పడి విడిపోయాయి, వాళ్లలో కొందరు పదేళ్లకి పైగా తిరిగి తిరిగి లూసియానా చేరారు. సెయింట్ మార్టిన్‌విల్‌లో వాళ్ల స్మారకం ముందు నిలబడి ఫొటో దిగి, అరగంట తర్వాత మన మనిషినే రోడ్డు మీద వదిలేసి పోవడం, ఏమోనండీ.

గాలివాటం:
1755కీ మలుపు దగ్గర పావుగంటకీ ఏం సంబంధం సార్? మీరైతే ఆ టూర్‌కి రానే లేదు.

రవ్వట్టు:
శాకాహారుల సంగతి కూడా చూడండి బాబూ. రెడ్ బీన్స్ అన్నం సేఫ్ అనుకుంటే అందులో సాసేజ్, ఆకుకూరలో పంది ఎముక, గంబో పులుసులో ఏముందో అడగనే వద్దు. పోయినసారి వ్యాన్‌లో పులిహోర, పెరుగన్నం లేకపోతే నేను రెండో రోజే బస్సెక్కేసేవాణ్ణి.

గాలివాటం:
నేననేదీ అదే. మంచి వ్యాన్ ఉంది, నీళ్లున్నాయి, తిండుంది, పంపు ఉంది. వెనకబడితే వ్యాన్ ఎక్కండి. ఇంక మేం ఆగడమెందుకు?

శారద_షుగర్‌ల్యాండ్:
ఇందాకట్నుంచి చదువుతున్నా. వ్యాన్ ఉంది, వ్యాన్ ఉంది అని ఇంతమంది రాశారు. అది తనంతట తనే నడిచిందా? నేనూ డబ్బు కట్టాను, నా సైకిల్ కూడా రాక్ మీద వచ్చింది. బుధవారం రాత్రి మోటెల్లో డ్రైవర్‌గా వస్తానన్న అబ్బాయి రావట్లేదని తెలిసినప్పుడు అందరూ ఫోన్లు చూసుకున్నారు. సుబ్బు గారు "శారద వదిన ఉన్నారు కదా" అన్నారు. తాళాలు తీసుకున్నా. పొద్దున ఐదింటికి లేచి రైస్ కుక్కర్ పెట్టి, ఐస్ కొని, అరటిపళ్లు కొని, ఏవరీ ఐలండ్ గేటు దగ్గర మీ కోసం కాచుకు కూర్చున్నా. లోపల ఉప్పుగుట్ట మీద తోటా, తెల్లకొంగల చెరువూ ఉన్నాయట, 1868 నుంచీ టబాస్కో మిరప సాస్ అక్కడే చేస్తున్నారట. నేను చూసింది పార్కింగ్ లాట్. ఎవరి కోసమూ ఆగనక్కర్లేదని ఎంత సులువుగా రాస్తున్నారు గాలివాటం గారూ, మరి మీ కోసం రోజూ ఎవరు ఆగారు?

గాలివాటం:
అక్కా, మిమ్మల్ని ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఇబ్బందైతే ఆ రోజే చెప్పాల్సింది.

డాలస్_వాణి:
అబ్బ, ఎంత చక్కగా చెప్పారండీ.

శారద_షుగర్‌ల్యాండ్:
ఆ రోజు చెప్తే టూర్ ఆగిపోయేది, అప్పుడూ నన్నే అనేవారు. మా ఆయన నాలుగు రోజులూ తొక్కి మెడల్ ఫొటో పెట్టుకున్నారు, నేను తీసిందే.

కేటీ_సుబ్బు:
వదినా, ఈసారి డబ్బిచ్చి డ్రైవర్‌ని పెడదాం. తలా కొంచెం ఎక్కువవుతుంది.

నిదానం_ప్రసాద్:
డబ్బెందుకు? వంతులు వేసుకుందాం. ఒక్కొక్కరు ఒక పూట తోలితే సరిపోతుంది, వంట కూడా ఆ పూట తోలినవాళ్లదే.

గాలివాటం:
అలాగైతే ఏ ఒక్కరికీ ఫుల్ రూట్ పూర్తి కాదు. నేను దీని కోసం జనవరి నుంచి ప్రాక్టీసు చేస్తాను. ఒక పూట వ్యాన్‌లో కూర్చుంటే ఇంక నేను చేసింది ఏం టూర్?

శారద_షుగర్‌ల్యాండ్:
ఇప్పుడు బయటికొచ్చింది. మలుపు దగ్గర ఆగడం కాదు మీ బాధ, మీ ఫుల్ రూట్ కోసం ఇంకొకరు మొత్తం రూటు వదులుకోవాలి, అదీ సంగతి. నాకు శనివారం కావాలి. ఆబీవిల్ నుంచి యూనిస్ దాకా. ఆ రోజు గాలి వెనక నుంచి తోస్తుందని మీరంతా రాత్రి భోజనాల దగ్గర చెప్పుకుంటుంటే విన్నా. సాయంత్రం యూనిస్ లిబర్టీ థియేటర్‌లో పాటలు కూడా పూర్తిగా వింటా, పోయినసారి మధ్యలో లేచి కూలర్లు కడగడానికి పోయా. శనివారం తాళాలు నా చేతికి రాకూడదు.

కేటీ_సుబ్బు:
ఒప్పుకున్నాం వదినా. వంతుల పట్టిక పెడుతున్నా, పేర్లు రాయండి.

రవ్వట్టు:
శుక్రవారం మధ్యాహ్నం, న్యూ ఐబీరియా నుంచి ఏవరీ ఐలండ్. వ్యాన్ నేను తోలతా.

బోస్_ఆస్టిన్:
నేనూ అదే రాద్దామనుకున్నా.

గాలివాటం:
ఎవరో ఒకరు తోలక తప్పదంటే ఆ ఎదురుగాలి ముక్క నాకివ్వండి. కాస్త కష్టమైన పనే, అయినా తీసుకుంటా.

శారద_షుగర్‌ల్యాండ్:
ఎదురుగాలిలో ఏసీ వ్యాన్ తోలడం మరీ కష్టం పాపం. మీకు ఆదివారం రాశాను.

కొత్తసభ్యుడు_44:
నమస్తే, ఇప్పుడే చేరాను. ఆ రోడ్లు చిప్‌సీల్ (తారు మీద కంకర చల్లి చేసినవి) అని విన్నాను, 25 మి.మీ. వెడల్పు టైర్లు సరిపోతాయా, 32 వెయ్యాలా?

గాలివాటం:
25 చాలు.

నిదానం_ప్రసాద్:
32.