ల్యాబ్‌లో ఆర్‌డీఈ అప్పగించారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఈ సెమిస్టర్‌లోనే పీహెచ్‌డీకి విదేశానికి వచ్చాను. ఎమ్మెస్సీలో సైక్లిక్ వోల్టామెట్రీ (వోల్టేజీని పెంచి తగ్గిస్తూ కరెంట్ కొలవడం) చేశాను గానీ తిరిగే డిస్క్ ఎలక్ట్రోడ్ (ఆర్‌డీఈ) ఎప్పుడూ ముట్టుకోలేదు. మా ప్రొఫెసర్ ఆక్సిజన్ రిడక్షన్ (ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు తీసుకుని నీరుగా మారే చర్య) ఉత్ప్రేరకాల మీద పని ఇచ్చి, ఆర్‌డీఈ మీద డేటా తీయమన్నారు. దాన్ని వాడిన సీనియర్ డిగ్రీ అయిపోయి వెళ్లిపోయారు. గ్రూప్‌లో మిగతావాళ్లని అడగాలంటే, మరీ చిన్న ప్రశ్నలేమోనని మొహమాటం. రెండు వారాల్లో మీటింగ్‌లో ఏదో ఒకటి చూపించాలి, టెన్షన్‌గా ఉంది. ఈ రంగంలో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పగలరా?

జవాబు:

తమ్ముడూ, కంగారు పడకు. ఈ రెండు వారాలూ నీ కొత్త ఉత్ప్రేరకం జోలికి వెళ్లకు. ముందు ఖాళీ గ్లాసీ కార్బన్ (గాజులా నున్నటి కార్బన్) డిస్క్ మీద ఫెర్రిసయనైడ్ (పరికరాన్ని పరీక్షించడానికి వాడే ఇనుము లవణం), తర్వాత కంపెనీవాళ్లు అమ్మే ప్లాటినం-కార్బన్, ఈ రెండే చేయి. మీటింగ్‌లో కూడా అవే చూపించు, మీ ప్రొఫెసర్‌కి పని తెలిసి ఉంటే దానికే సంతోషిస్తారు. ఎందుకంటే ఈ పరికరం గొప్పతనమల్లా ఒక్కటే, కరెంట్ ఎంత రావాలో కొలవకముందే కాగితం మీద లెక్కగట్టుకోవచ్చు. ఆ లెక్కకీ నీ కొలతకీ పొంతన కుదిరేదాకా ఏ ఉత్ప్రేరకం గురించీ ఏమీ చెప్పలేం.

కదలని ద్రావణంలో డిఫ్యూజన్ పొర (డిస్క్‌ని ఆనుకుని, పదార్థం తనంతట తానే పాకుతూ దాటాల్సిన ద్రవపు పొర) సమయం గడిచేకొద్దీ మందమవుతూ పోతుంది, బల్ల కొంచెం కదిలినా చెదిరిపోతుంది. డిస్క్‌ని తిప్పితే ద్రవం కింద నుంచి పైకి లాక్కొచ్చినట్టు వచ్చి పక్కలకి విసిరేసినట్టు పోతుంది. ఈ ప్రవాహాన్ని వాన్ కార్మన్ 1921లోనే లెక్కగట్టాడు, దాని మీద డిఫ్యూజన్ సంగతి కలిపి 1940ల్లో సూత్రం తేల్చింది సోవియట్ శాస్త్రవేత్త లెవిచ్. డిస్క్ మధ్యలోనైనా అంచులోనైనా డిఫ్యూజన్ పొర మందం ఒకటే, గంట తర్వాత చూసినా అంతే. నీటి ద్రావణంలో ఆక్సిజన్‌కి, 1600 ఆర్‌పీఎం దగ్గర అది దాదాపు 15 మైక్రాన్లు. ఇంత పల్చటి పొరని ఒక మోటారుతో మన చేతిలో పెట్టుకోగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

తిరిగే వేగాన్ని బట్టి కరెంట్ ఎంత రావాలో చెప్పే లెవిచ్ సూత్రం ఏ పాఠ్యపుస్తకంలో చూసినా ఉంటుంది. అందులో 0.62 అనే గుణకం ఉంటే వేగాన్ని సెకనుకి రేడియన్లలో వేయాలి, ఆర్‌పీఎంలో వేయాలంటే గుణకం 0.201. ఈ రెండూ కలగాపులగం చేస్తే మూడింతల తేడా వస్తుంది, మొదటి నెలలో అందరూ తల పట్టుకునేది ఇక్కడే. 400, 900, 1600, 2500 ఆర్‌పీఎంలే ఎందుకు వాడతారంటే వాటి వర్గమూలాలు 20, 30, 40, 50, వేగం వర్గమూలానికి ఎదురుగా కరెంట్ గీసే గ్రాఫ్‌లో బిందువులు సమాన దూరంలో పడతాయి. ఫెర్రిసయనైడ్‌తో గీసిన ఆ గీత వంకర లేకుండా తిన్నగా ఉండి సున్నా గుండా పోవాలి. పోయిందంటే మోటారు వేగం, డిస్క్ వైశాల్యం, వైర్లు అన్నీ సరిగ్గా ఉన్నట్టే. ఫెర్రిసయనైడ్‌కి మాత్రం వేరే గాజు సామాను పెట్టుకో, ప్లాటినం పనికి వాడే సెల్‌లో దాన్ని పోయకు. దాని వ్యర్థాన్ని యాసిడ్ వ్యర్థాల సీసాలో అసలే కలపకూడదు, విషవాయువు వచ్చే ప్రమాదం ఉంది.

ఇక ప్లాటినం. 0.1 మోలార్ పెర్క్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ నిండుగా ఉండగా, 1600 ఆర్‌పీఎం దగ్గర, నాలుగు ఎలక్ట్రాన్ల చర్యకి చదరపు సెంటీమీటరుకి 5.7 నుంచి 6 మిల్లీఆంపియర్ల లిమిటింగ్ కరెంట్ (ఆక్సిజన్ డిస్క్‌కి చేరే వేగం మీదే ఆధారపడే గరిష్ఠ కరెంట్) రావాలి. 5 మిల్లీమీటర్ల డిస్క్ వైశాల్యం 0.196 చదరపు సెంటీమీటర్లు కాబట్టి తెర మీద నీకు కనిపించేది 1.1, 1.2 మిల్లీఆంపియర్లు. ప్లాటినం మీద చదరపు సెంటీమీటరుకి 4 మాత్రమే వచ్చిందనుకో, కెమిస్ట్రీ గురించి ఆలోచించే ముందు ఆక్సిజన్ సరిపడా పంపావా, డిస్క్ కింద బుడగ ఇరుక్కుందా, పూత డిస్క్ మొత్తాన్నీ కప్పిందా అని చూడు. 7 వస్తే సంబరపడకు, ఇంక్ (ఉత్ప్రేరకం పొడి కలిపిన ద్రవం) అంచు దాటి టెఫ్లాన్ మీదకి పాకి వైశాల్యం పెరిగి ఉంటుంది. మీ ఊరు బాగా ఎత్తులో ఉంటే గాలి పీడనం తక్కువ, ద్రావణంలో కరిగే ఆక్సిజన్ కూడా తక్కువే, అది కూడా లెక్కలోకి తీసుకో.

అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావాల్సింది పూత దగ్గర. డిస్క్‌ని 0.05 మైక్రాన్ అల్యూమినాతో, చేయి ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ, నీ ముఖం కనిపించేదాకా పాలిష్ చేయి, తర్వాత నీళ్లలో పెట్టి సోనికేటర్‌లో (ధ్వని తరంగాలతో కుదిపే తొట్టిలో) అల్యూమినా పొడి అంతా వదిలించు. ఇంక్‌ని ఐస్ నీళ్లలో పెట్టి సోనికేట్ చేయాలి, లేకపోతే వేడెక్కి ఐసోప్రొపనాల్ ఆవిరైపోయి గాఢత మారిపోతుంది. పది మైక్రోలీటర్ల చుక్క వేసినప్పుడు అది అంచు వరకూ పాకి అక్కడే ఆగాలి. ఊరికే వదిలేసి ఆరబెడితే ఉత్ప్రేరకం అంతా అంచుకి చేరి రింగులా మిగులుతుంది, మధ్యలో కార్బన్ బయటపడుతుంది. దీనికి మంచి ఉపాయం, రొటేటర్‌ని తలకిందులుగా పెట్టి, డిస్క్ పైకి చూస్తుండగా, కొన్ని వందల ఆర్‌పీఎంతో తిప్పుతూ ఆరనివ్వడం. పూత ఆరాక ప్రతిసారీ మైక్రోస్కోప్ కింద ఫొటో తీసి డేటా ఫోల్డర్‌లోనే దాచుకో. ఆరు నెలల తర్వాత ఒక గ్రాఫ్ మిగతావాటితో కలవకపోతే, ఎందుకో ఆ ఫొటోనే చెప్తుంది. ప్లాటినం చదరపు సెంటీమీటరుకి 20 మైక్రోగ్రాములు దాటనివ్వకు, పూత మందమైతే లోపలి పొరలకి ఆక్సిజన్ అందదు.

శుభ్రత గురించి ఎంత చెప్పినా తక్కువే. క్లోరైడ్ చిటికెడు ఉన్నా ప్లాటినం మీద అతుక్కుని యాక్టివిటీ పడిపోతుంది, అందుకే ఈ పనికి సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ (వోల్టేజీని పోల్చి కొలిచే ఎలక్ట్రోడ్) నేరుగా సెల్‌లో పెట్టకు. హైడ్రోజన్ రిఫరెన్స్ ఉంటే అదే వాడు, ఏది వాడినా హైడ్రోజన్ నింపిన అదే ద్రావణంలో కాలిబ్రేట్ చేసి ఆర్‌హెచ్‌ఈ (అదే ద్రావణంలోని హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌ని సున్నాగా తీసుకునే) స్కేల్‌లోకి మార్చు. క్షార ద్రావణమైతే గాజు సెల్ వద్దు, గాజు కరిగి మలినాలు వస్తాయి, టెఫ్లాన్ సెల్ అడుగు. ప్లాటినం లేని ఉత్ప్రేరకం అని పేపర్ రాయబోతూ కౌంటర్‌గా (సర్క్యూట్ పూర్తిచేసే ఎదుటి ఎలక్ట్రోడ్‌గా) ప్లాటినం తీగ పెట్టుకుంటే, అది కరిగి నీ డిస్క్ మీదే చేరుతుంది. గ్రాఫైట్ కడ్డీ పెట్టు.

లెక్కల విషయానికొస్తే, ముందు నైట్రోజన్‌లో తీసిన గ్రాఫ్‌ని ఆక్సిజన్ గ్రాఫ్ నుంచి తీసెయ్యి. తర్వాత ద్రావణం రెసిస్టెన్స్ సరిచెయ్యి. 0.5 మిల్లీఆంపియర్ దగ్గర 25 ఓమ్‌లంటే 12 మిల్లీవోల్టులే కదా అనిపిస్తుంది, కానీ ప్రతి 60 మిల్లీవోల్టులకి కరెంట్ పదింతలయ్యే చోట ఆ కాస్తా యాక్టివిటీని ఒకటిన్నర రెట్లకి పైగా మార్చేస్తుంది. కైనెటిక్ కరెంట్ (ఆక్సిజన్ అందడంలో అడ్డు లేకపోతే ఉత్ప్రేరకం ఇచ్చే కరెంట్) కోసం, కొలిచిన కరెంట్‌ని లిమిటింగ్ కరెంట్‌తో గుణించి, రెండింటి తేడాతో భాగిస్తాం. లిమిటింగ్ 6 ఉండి కొలిచింది 2 అయితే జవాబు 3, ఇబ్బంది లేదు. అదే కొలిచింది 5.5 అయితే జవాబు 66, 5.6 అయితే 84. అంటే లిమిటింగ్‌కి దగ్గరైన కొద్దీ చిన్న నాయిజ్ కూడా పెద్ద ఆవిష్కరణలా కనిపిస్తుంది. అందుకే ప్లాటినానికి లిమిటింగ్‌కి దూరంగా ఉండే 0.9 వోల్టుల దగ్గర విలువ తీసుకుంటారు. ఇంకోటి, మందపాటి రంధ్రాల కార్బన్ మీద కౌటెక్కీ-లెవిచ్ గీతల (కరెంట్ విలోమాన్ని వేగం వర్గమూలం విలోమానికి ఎదురుగా గీసేవి) వాలు నుంచి ఎలక్ట్రాన్ల సంఖ్య తీసే పని పెట్టుకోకు. లెవిచ్ ఊహించింది నున్నటి చదును ఉపరితలం. నీటికి బదులు పెరాక్సైడ్ ఎంత వస్తుందో తెలియాలంటే రింగ్-డిస్క్ (డిస్క్ చుట్టూ ఇంకో రింగ్ ఎలక్ట్రోడ్ ఉన్నది) వాడు, అది 1959లో ఫ్రుమ్‌కిన్, నెక్రాసోవ్‌ల నుంచి వచ్చిన పద్ధతి. రింగ్ కలెక్షన్ ఎఫిషియన్సీ (డిస్క్ మీద తయారైనదాంట్లో రింగ్ పట్టుకునే భాగం) మాత్రం కేటలాగ్‌లో ఉన్నది నమ్మకుండా ఫెర్రిసయనైడ్‌తో నువ్వే కొలువు.

మొహమాటం అన్నావు. ఈ దేశంలో చిన్న ప్రశ్న అడిగినందుకు ఎవరూ నిన్ను తక్కువ చేయరు, అడగకుండా పరికరం పాడు చేస్తేనే ఇబ్బంది. వెళ్లిపోయిన సీనియర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టు, ఇంక్ రెసిపీ, వాడిన సెల్, రిఫరెన్స్ ఏమిటని. చాలామంది సంతోషంగా చెప్తారు.

ఇంకొకరి జవాబు:

పైన అక్క చెప్పినవన్నీ నిజం. నేను మోటారు వైపు నుంచి కొన్ని కలుపుతాను. షాఫ్ట్ తిరుగుతుండగా దేన్నీ ముట్టుకోవద్దు, పొడవు జుట్టు, మెడలో ఐడీ కార్డు తాడు రొటేటర్ దగ్గరికి రాకూడదు. వేగం ఎప్పుడూ సున్నా నుంచి మెల్లగా పెంచండి. షాఫ్ట్‌కి కరెంట్ అందించే కార్బన్ బ్రష్‌లు అరిగితే గ్రాఫ్ మీద సన్నటి రంపపు పళ్లలా నాయిజ్ వస్తుంది, వేగంతో పాటు అది మారుతుంటే అనుమానం ముందు బ్రష్‌ల మీదే పెట్టుకోండి. డిస్క్‌ని ద్రావణంలో దింపేటప్పుడు కాస్త వాలుగా దింపితే బుడగ పట్టదు. కొలిచేటప్పుడు గ్యాస్‌ని ద్రావణంలోకి కాకుండా పైన ఖాళీలోకి పంపండి. 70 శాతం పెర్క్లోరిక్ ఆమ్లం సీసాని ఇంక్ కోసం తెచ్చిన ఐసోప్రొపనాల్ పక్కన పెట్టొద్దు, మీ ల్యాబ్ సేఫ్టీ ట్రైనింగ్ అయ్యేదాకా అసలు తెరవొద్దు. పలుచన చేసుకున్న 0.1 మోలార్‌తో అంత భయం లేదు.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్స్ అక్కా, అన్నా. సీనియర్‌కి మెయిల్ పెట్టాను, ఇంక్ రెసిపీ పంపారు. నిన్న ప్లాటినం చేశాను, 1600 దగ్గర 5.8 వచ్చింది! కానీ చదునుగా ఉండాల్సిన చోట గీత వాలుగా ఉంది, 0.6 వోల్టుల దగ్గర 5.1, 0.3 దగ్గరికి వచ్చాకే 5.8. ఇది పనికొస్తుందా?

జవాబు:

తమ్ముడూ, విలువ సరిగ్గానే వచ్చింది, అందుకు అభినందనలు. కానీ ఆ వాలు పూత సమంగా లేదని చెప్తోంది. మంచి ప్లాటినం పూత మీద 0.7 వోల్టుల నుంచే గీత చదునుగా ఉండాలి. ఈ గ్రాఫ్‌తో 0.9 దగ్గర యాక్టివిటీ లెక్కగట్టకు, లిమిటింగ్‌గా 5.1 తీసుకోవాలో 5.8 తీసుకోవాలో నీకే తెలియదు కదా. ఇంక్‌ని మళ్లీ ఐస్‌లో సోనికేట్ చేసి, ఈసారి తిప్పుతూ ఆరబెట్టి, ఫొటో ఇక్కడ పెట్టు, చూస్తాను. గ్రూప్ మీటింగ్‌కి రెండు గ్రాఫ్‌లూ పక్కపక్కనే తీసుకెళ్లు.