ప్రెయిరీలో ఏ గడ్డి ఇక్కడిది, ఏది బయటినుంచి వచ్చింది? పిల్లల సర్వేకి హెల్ప్ కావాలి

మెకిన్నీ అమ్మ:
అందరికీ నమస్కారమండి. మేం డల్లాస్‌కి నార్త్ సైడ్ ఉంటాం. మా పాప హైస్కూల్లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ తీసుకుంది, వాళ్ళ టీమ్ నలుగురూ కలిసి అక్టోబర్ మొదట్లో ఒక ప్రెయిరీ (సహజమైన గడ్డి మైదానం) ముక్కలో మొక్కల సర్వే చేయాలట. ఒకటి ఎప్పుడూ దున్నని పాత మెడో, అంటే గడ్డి బీడు, దాని పక్కనే మళ్ళీ విత్తనాలు చల్లి పెంచుతున్న ఇంకో ముక్క, రెండిట్లోనూ నేటివ్ ఎంత, నాన్ నేటివ్ ఎంత అని పర్సంటేజ్ చెప్పాలి. తీసుకెళ్ళి తీసుకొచ్చే డ్యూటీ నాది కాబట్టి నేను కూడా కాస్త తెలుసుకుందామని అడుగుతున్నా. పోయిన వీకెండ్ ఊరికే చూసి రావడానికి వెళ్ళాం, నాకైతే అంతా ఒకే గడ్డిలా కనిపించింది. యాప్‌లో ఒకే మొక్కకి ఒక ఫోటోకి ఒక పేరు, ఇంకో ఫోటోకి ఇంకో పేరు వస్తోంది. గరిక అయితే నేనే గుర్తుపట్టా, అంచంతా అదే ఉంది, టీమ్‌లో ఒకబ్బాయి "ఇది టెక్సాస్ అంతా ఉంటుంది కాబట్టి నేటివే" అంటున్నాడు. తంగేడులా పసుపుపచ్చగా పూసినది కూడా ఒకటి కనిపించింది, అది మనవైపు నుంచి వచ్చిందా? ఇంకోటి, గడ్డిని ఎలా లెక్కపెడతారు, ఒక్కో పోచ లెక్కపెట్టాలా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

నల్లరేగడి:
అక్కా, మంచి పని పెట్టారు పిల్లలకి. నేను ఇక్కడ మాస్టర్ నాచురలిస్ట్ వాలంటీర్‌ని, అంటే ప్రకృతి గురించి ట్రైనింగ్ తీసుకుని సేవ చేసేవాణ్ణి, ఊళ్ళో మాది పత్తి వ్యవసాయం, అందుకే ఈ నేలంటే నాకు చాలా ఇష్టం. మీరు నిలబడేది బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ, రెడ్ రివర్ దగ్గర్నుంచి శాన్ ఆంటోనియో దాకా పొడుగ్గా ఉండేది, ఆ నేల అచ్చంగా మన నల్లరేగడే, సైన్సులో రెండిటినీ వెర్టిసాల్స్ అనే అంటారు, ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది, వాన పడితే ఉబ్బి బూటుకి అంటుకుని వదలదు. పత్తికి బాగుందని దాదాపు మొత్తం దున్నేశారు, తర్వాత మిగిలిన దానిమీద మన ఇళ్ళు, షాపింగ్ సెంటర్లు వచ్చాయి, అసలు ప్రెయిరీలో ఇప్పుడు ఒక్క శాతం కూడా మిగల్లేదు. మిగిలినవి కూడా ఎక్కువగా పశువులకి ఎండుగడ్డి కోసం దున్నకుండా వదిలేసిన బీళ్ళు. కాబట్టి పిల్లలు వెళ్ళే ఆ పాత మెడో చాలా విలువైనది, ముందు అది చెప్పండి వాళ్ళకి.

ఇక నేటివ్ సంగతి. ఎక్కడ చూసినా కనిపించడం వేరు, ఇక్కడిది కావడం వేరు. యూరప్ వాళ్ళు రాకముందు నుంచీ ఈ ప్రాంతంలో దానంతటది పెరిగేదా లేదా, అంతే ప్రశ్న. గరికని ఇక్కడ బెర్ముడా గ్రాస్ అంటారు, అది ఆఫ్రికా, ఆసియా వైపుది, లాన్లకీ పశువుల మేతకీ నాటారు, అక్కడ్నుంచి పాకింది. వినాయకుడికి పెట్టే గడ్డే అయినా ఇక్కడి లెక్కలో నాన్ నేటివ్. అలాగే ఇంకోటి ఉంటుంది, జాన్సన్ గ్రాస్, అది మన జొన్నకి దగ్గర చుట్టం. జొన్న కోసేశాక వచ్చే లేత నాము మేస్తే పశువులు చచ్చిపోతాయని మా నాన్న వాళ్ళు భయపడేవారు కదా, దీనితో కూడా అదే గొడవ, ఎండకి వాడినప్పుడూ కొత్త పిలకలు వేసినప్పుడూ సైనైడ్ విషం తయారవుతుంది.

మీకు తంగేడులా కనిపించింది పార్ట్రిడ్జ్ పీ అనుకుంటా, ఆకు చిన్నచిన్న రెబ్బలుగా ఉండి ముట్టుకుంటే మెల్లగా ముడుచుకుంటుంది. తంగేడు కుటుంబమే కానీ అది పక్కా ఇక్కడిదే, నేటివ్ కాలమ్‌లో రాసుకోండి.

గడ్డిపూవు:
నల్లరేగడి అన్నయ్య చెప్పిందానికి ఇంకోటి కలుపుతా. మనవాళ్ళకి ఇక్కడ పెద్ద కన్‌ఫ్యూజన్ ఏంటంటే ఊళ్ళో చూసిన మొక్క ఇక్కడ కనిపిస్తే "ఇది మనది, బయటినుంచి వచ్చింది" అనేసుకుంటాం, చాలాసార్లు కథ తిరగబడి ఉంటుంది. గైలార్డియా పూలు హైదరాబాద్ పూల మార్కెట్లో దండలకి కొంటాం కదా, దాన్ని ఇక్కడ ఇండియన్ బ్లాంకెట్ అంటారు, ఎర్ర రేకులకి పసుపు అంచు, టెక్సాస్ సొంత పువ్వు అది. నాగజెముడు కూడా అమెరికా ఖండాల నుంచే మన దగ్గరికి వచ్చింది, ఇక్కడ ప్రిక్లీ పేర్ ఏకంగా టెక్సాస్ రాష్ట్ర మొక్క, 1995లో ప్రకటించారు. మన పొలం గట్లని నాశనం చేసిన వయ్యారిభామ కూడా అమెరికా ఖండాలదే. అటువైపు నుంచి ఇటు వచ్చినవి చూస్తే పల్లేరు ఒకటి, ఇక్కడ గోట్ హెడ్ అంటారు, సైకిల్ టైర్లు పంక్చర్ చేసేస్తుంది, తురకవేప ఒకటి, చైనాబెర్రీ పేరుతో వాగుల పక్కనంతా అడవిలా పెరిగిపోయింది. అందుకని ముందు మొక్క పేరు స్పీసీస్ దాకా ఖాయం చేసుకుని ఆ తర్వాతే అది ఎక్కడిదో చూడమనండి పిల్లల్ని, తెలిసిన మొహంలా ఉందని నిర్ణయించకూడదు.

చూసేటప్పుడు ఒక జాగ్రత్త. యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) ప్లాంట్స్ సైట్లో నేటివ్ అని రాసి ఉంటే అది అలాస్కా, హవాయి కాకుండా మిగతా 48 రాష్ట్రాల్లో ఎక్కడో ఒకచోట నేటివ్ అని మాత్రమే అర్థం, కాలిఫోర్నియా మొక్కకి కూడా అలాగే రాసి ఉంటుంది. కౌంటీ మ్యాప్ తెరిచి మీ మెకిన్నీ ఉన్న కాలిన్ కౌంటీలోగానీ చుట్టుపక్కలగానీ ఉందా చూడాలి. ఆస్టిన్‌లో ఉన్న లేడీ బర్డ్ జాన్సన్ వైల్డ్‌ఫ్లవర్ సెంటర్ వాళ్ళ డేటాబేస్ పిల్లలకి ఇంకా ఈజీ, ఫోటోలు బాగుంటాయి.

మెకిన్నీ అమ్మ:
అబ్బా చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. గైలార్డియా విషయం మా పాపకి చెప్తే నమ్మలేదు. సరే కానీ గడ్డి మాత్రం ఎలా పట్టుకోవాలి, పువ్వు ఉంటే ఏదోలా తెలుస్తుంది, గడ్డికి ఏం చూడాలి?

నల్లరేగడి:
అక్కా గడ్డికి మూడు చోట్ల చూడాలి, కంకి, కణుపు, ఆకు కాడని చుట్టుకునే చోట లోపలివైపు ఉండే చిన్న పొర. అక్టోబర్ అంటే మంచి టైమ్, పెద్ద గడ్డులన్నీ కంకి మీద ఉంటాయి. యాప్‌లో కూడా దూరంనుంచి ఒక ఫోటో కొడితే అది తికమకపడుతుంది, ఈ మూడిటికీ దగ్గరగా ఫోటోలు తీసి, మొత్తం దుబ్బు కనిపించేలా ఇంకోటి తీసి అన్నీ ఒకే అబ్జర్వేషన్‌లో పెడితే సగం సమస్య తీరుతుంది. ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో పెడితే మనుషులు కూడా చూసి చెప్తారు, కానీ యాప్ చూపించే మొదటి పేరు సలహా మాత్రమే, అదే జవాబు అనుకుని షీట్‌లో రాసేయకూడదు.

నేటివ్ వాటిల్లో బిగ్ బ్లూస్టెమ్ ఈజీ, కంకి పైన మూడు పాయలుగా చీలి టర్కీ కోడి కాలులా ఉంటుంది. ఇండియన్ గ్రాస్ కంకి బంగారు రంగులో ఈకలా ఉంటుంది, ఆకు మొదట్లో ఆ పొర రెండు కొమ్ముల్లా నిటారుగా లేచి ఉంటుంది, తుపాకీ గురి చూసే గాడిలా ఉందంటారు ఇక్కడివాళ్ళు. స్విచ్ గ్రాస్‌కి అదే చోట కుచ్చుగా వెంట్రుకలు. లిటిల్ బ్లూస్టెమ్ దుబ్బుగా పెరుగుతుంది, మొదలు కాస్త నలిగినట్టు చదునుగా నీలం రంగులో ఉంటుంది, చలి మొదలయ్యేసరికి రాగి రంగుకి తిరుగుతుంది. సైడ్ ఓట్స్ గ్రామా గింజలన్నీ కాడకి ఒకే పక్కన వేలాడతాయి, అదే టెక్సాస్ రాష్ట్ర గడ్డి.

ఇప్పుడు అసలు కష్టమైనది చెప్తా. కింగ్ రాంచ్ బ్లూస్టెమ్ అని ఒకటి ఉంది, పేరులో బ్లూస్టెమ్ అని ఉంది, టెక్సాస్ రాంచ్ పేరు ఉంది, చాలామంది నేటివ్ అనుకుంటారు, కాదు. ఆసియా గడ్డి అది, మట్టి కొట్టుకుపోకుండా ఉంటుందని, పశువులకి పనికొస్తుందని తెచ్చి హైవే పక్కలంతా చల్లారు, అక్కడ్నుంచి ప్రెయిరీల్లోకి దూరి మిగతావాటిని నొక్కేస్తోంది. కంకి ఎరుపూ ఊదా కలిసిన రంగులో సన్నని వేళ్ళలా చీలి ఉంటుంది, కణుపుల దగ్గర చుట్టూ నూగు ఉంటుంది. దీని చుట్టమే ఇంకోటి సిల్వర్ బ్లూస్టెమ్, అది నేటివ్, కంకి తెల్లగా దూదిలా మెత్తగా ఉంటుంది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి పిల్లలకి ముందే చూపించండి, మీ సర్వేలో పర్సంటేజ్ తారుమారయ్యేది ఇక్కడే.

జాన్సన్ గ్రాస్‌కి వెడల్పాటి ఆకు మధ్య తెల్లటి ఈనె కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, జొన్న ఆకు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. గరికలాగే నేలమీద పాకే బఫెలో గ్రాస్ నేటివ్, దాని ఆకు బూడిదాకుపచ్చగా వంకీలు తిరిగి ఉంటుంది, గరికకేమో కంకి ఒకే చోటునుంచి వేళ్ళు విప్పినట్టు ఉంటుంది, అలా వేరు చేయండి.

స్టాట్స్ తమ్ముడు:
నేను కాన్సాస్‌లో రేంజ్ మేనేజ్‌మెంట్ (పచ్చిక బయళ్ళ నిర్వహణ)లో మాస్టర్స్ చేస్తున్నా, లెక్క గురించి నేను చెప్తా. పోచలు లెక్కపెట్టొద్దు అక్కా, గడ్డిలో ఒక మొక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పలేరు. కవర్ చూస్తారు, అంటే పైనుంచి చూస్తే ఆ ఫ్రేమ్‌లో ఎంత భాగం ఆ మొక్క కప్పింది అని. హోమ్ డిపోలో పీవీసీ పైపు కొని మీటరు పొడుగు ముక్కలు నాలుగు, ఎల్బోలు నాలుగు పెడితే ఫ్రేమ్ రెడీ, పొడుగు గడ్డి మధ్యలోకి దూర్చాలి కాబట్టి ఒక మూల అతికించకుండా వదిలేయండి. 10 సెంటీమీటర్ల చదరం అట్టముక్క ఒకటి కోసి ఇవ్వండి, చదరపు మీటరులో అది సరిగ్గా 1 శాతం, కళ్ళకి అలవాటవుతుంది. ఖచ్చితంగా 23 శాతం అని చెప్పడానికి ట్రై చేయొద్దు, డాబెన్‌మైర్ క్లాసులని ఉంటాయి, 0 నుంచి 5, 5 నుంచి 25, 25 నుంచి 50, 50 నుంచి 75, 75 నుంచి 95, 95 నుంచి 100, ఏ క్లాసులో పడుతుందో రాసుకుని లెక్కలో మధ్య విలువ వాడతారు. ఆకులు ఒకదానిమీద ఒకటి ఉంటాయి కాబట్టి మొత్తం 100 దాటుతుంది, దాటితే తప్పు కాదు.

ఉదాహరణకి ఒక ఫ్రేమ్‌లో ఇండియన్ గ్రాస్ మూడో క్లాస్ అంటే 37.5, లిటిల్ బ్లూస్టెమ్ రెండో క్లాస్ 15, కింగ్ రాంచ్ బ్లూస్టెమ్ నాలుగో క్లాస్ 62.5 అనుకోండి. మొత్తం 115, అందులో నేటివ్ 52.5, అంటే దాదాపు 46 శాతం. అదే స్పీసీస్ లెక్కన చూస్తే మూడిట్లో రెండు నేటివ్, 67 శాతం. ఒకే ఫ్రేమ్, రెండు జవాబులు, కాబట్టి టీచర్‌ని ఏ పర్సంటేజ్ కావాలో అడగండి, నన్నడిగితే రెండూ రాయమంటా, ఎందుకంటే నేటివ్ పేర్లు చాలా ఉన్నా నేలంతా ఒక్క బయటి గడ్డే ఆక్రమించిందా లేదా అన్నది ఆ తేడాలోనే తెలుస్తుంది.

ఫ్రేమ్ విసిరేసి ఎక్కడ పడితే అక్కడ అంటారు కొందరు, అది రాండమ్ కాదు, తెలియకుండానే పూలున్న వైపు విసురుతారు. టేపు పరిచి ఫోన్‌లో రాండమ్ నంబర్ తీసి ఆ మీటరు దగ్గర పెట్టమనండి, రెండు ముక్కల్లోనూ సమానంగా పెట్టాలి. ఇద్దరు పిల్లలు విడివిడిగా అంచనా వేసి తర్వాత పోల్చుకుంటే మంచిది.

ఇంకో చిన్న విషయం, నేటివ్ అనే కాలమ్ పక్కన ఇన్వేసివ్ (పాకి మిగతావాటిని ఆక్రమించేది) అనే కాలమ్ వేరేగా పెట్టండి. ఈస్టర్న్ రెడ్ సీడర్ ఇక్కడి చెట్టే, కానీ ప్రెయిరీ గడ్డికి అప్పుడప్పుడు నిప్పు పెట్టడం ఆగిపోయాక గడ్డిలోకి దూరి ప్రెయిరీని మూసేస్తోంది, మా కాన్సాస్‌లో అదే పెద్ద తలనొప్పి. నేటివ్ అయినంత మాత్రాన ఆ ముక్కకి మంచిదని కాదు.

గడ్డిపూవు:
బట్టల సంగతి ఎవరూ చెప్పలేదు. అక్కా, అక్టోబర్‌లో కూడా చిగ్గర్స్ అనే కుట్టే చిన్న పురుగులు ఉంటాయి, కంటికి కనిపించవు, దురద మాత్రం వారం పైనే ఉంటుంది. ఫుల్ ప్యాంట్, దాన్ని సాక్స్‌లోకి దోపుకోవాలి, పురుగులు దగ్గరికి రాకుండా డీట్ స్ప్రే కొట్టుకోవాలి, ఇంటికి రాగానే సబ్బుతో స్నానం, బట్టలు నేరుగా వాషర్‌లోకి. ఫైర్ యాంట్స్ పుట్ట మీద మోకాలు పెట్టకుండా ముందు చూసుకోవాలి. ముట్టుకుంటే ఒళ్ళు దద్దుర్లు వచ్చే, మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీ గుర్తుపట్టడం నేర్పించాకే ఎవరినైనా మొక్క ముట్టుకోనివ్వండి. పాములు కూడా ఉంటాయి, కనిపించని చోట చెయ్యి పెట్టొద్దు.

బతుకమ్మ కూడా దాదాపు అదే టైమ్‌కి వస్తుంది కాబట్టి ఒక మాట, ఆ మెడోలో పార్ట్రిడ్జ్ పీ, ఊదా పూల గేఫెదర్ చూస్తే కోసుకుందామనిపిస్తుంది, దయచేసి వద్దు, అక్కడ విత్తనం రాలితేనే వచ్చే ఏడు ఉంటుంది. ఇంట్లో పెరట్లో నాటుకుంటే ఎంతైనా కోసుకోవచ్చు, నేటివ్ విత్తనాలు ఇక్కడ కొనుక్కోవడానికి దొరుకుతాయి.

నల్లరేగడి:
అవును, అది ముఖ్యం. దానితో పాటు ఇంకోటి, ముందు పాత మెడోలో సర్వే చేసి ఆ తర్వాతే రెండో ముక్కలోకి వెళ్ళండి, అటునుంచి ఇటు వస్తే బూట్లకీ సాక్స్‌కీ అంటుకున్న కింగ్ రాంచ్ విత్తనం మనమే మోసుకెళ్ళి మంచి నేలలో పడేసినట్టవుతుంది. కారెక్కే ముందు బ్రష్‌తో బూట్లు దులుపుకోవాలి.

మెకిన్నీ అమ్మ:
ఇవన్నీ ప్రింట్ తీసి పిల్లలకి ఇస్తున్నా అండి. చివరిగా ఒక్క డౌట్, పువ్వూ కంకీ ఏమీ లేకుండా నేలకి అంటుకుని చుట్టూ ఆకులు పరుచుకున్న చిన్న మొక్కలు చాలా ఉన్నాయి, వాటిని ఏం చేయాలి, వదిలేయాలా?

స్టాట్స్ తమ్ముడు:
వదలొద్దు అక్కా, అవి చలికాలం అలాగే కూర్చుని వసంతంలో లేచేవి, వాటిల్లో బాస్టర్డ్ క్యాబేజ్ ఉండొచ్చు, ఏప్రిల్లో ఆవ పూలలా పసుపుగా పూసి టెక్సాస్ నీలి పూలు బ్లూబానెట్స్‌ని కప్పేస్తుంది, మెడిటరేనియన్ నుంచి వచ్చింది. ముళ్ళ ఆకులున్నవి ఉంటే అన్నీ బయటివే అనుకోవద్దు, టెక్సాస్ థిసిల్ నేటివ్, దాని ఆకు తిప్పితే అడుగున తెల్లగా నూగుగా ఉంటుంది, మస్క్ థిసిల్ నాన్ నేటివ్, దానికి అలా ఉండదు. తేలని వాటికి తెలియని మొక్క 1, తెలియని మొక్క 2 అని నంబర్ ఇచ్చి, ఆకు పైనా కిందా ఫోటో తీసి, కవర్ మాత్రం రాసుకోవాలి. లెక్కలో వాటిని నేటివ్‌లోనూ కలపొద్దు, నాన్ నేటివ్‌లోనూ కలపొద్దు, మూడో వాటాగా చూపించి రిపోర్ట్‌లో అలాగే రాయమనండి. ఫ్రేమ్ పెట్టిన చోటు జీపీఎస్ పాయింట్ సేవ్ చేసుకుంటే ఏప్రిల్లో అదే చోటికి వెళ్ళి పేర్లు ఖాయం చేసుకోవచ్చు. గుర్తుకి పిన్ ఫ్లాగ్ (తీగకి కట్టిన చిన్న జెండా) పెట్టాలనుకుంటే మాత్రం ఆ మెడో చూసుకునే వాళ్ళ పర్మిషన్ తీసుకోండి, గడ్డి కోతకి మెషిన్ వస్తే ఆ తీగ బ్లేడుకి తగులుతుంది.