చర్చి ఆవరణలోని చింతచెట్టు విషయంలో వాక్యాన్ని ఎలా వివరించాలి?

అందరికీ వందనములు. ఆరాధన ముగిశాక స్త్రీలు చాపలు పరచుకొని కూర్చునే పెద్ద చింతచెట్టును కొట్టించి, ఆ స్థలంలో బండ్లు నిలపడానికి సిమెంటు గచ్చు వేయించాలని మా సంఘ పెద్దలు తలపెట్టారు. నేను అభ్యంతరం చెప్పగా, ఆదికాండము 1:28లోని “లోపరచుకొనుడి” అన్న మాట చూపి, సృష్టి మనిషి వాడుకకే గదా అన్నారు.

అయితే 2:15లో దేవుడు నరుణ్ణి తోటను సేద్యపరచుటకు, కాచుటకు ఉంచాడు. ఆ “కాచుట”కు మూలమైన హెబ్రీ క్రియ షామర్, యాజకుడు ప్రజలను దీవిస్తూ “నిన్ను కాపాడునుగాక” అనే సంఖ్యాకాండము 6:24లోనూ ఉన్నదే. సేద్యపరచుట అని మనం చదివే మాటకు సేవ చేయడమనే అర్థమూ ఉంది. ద్వితీయోపదేశకాండము 20:19 అయితే, ముట్టడి వేసిన పట్టణపు ఫలవృక్షాలను సైతం నరకవద్దంటుంది (చింత కూడా కాయలు కాసేదే, ఆ ఒక్క వాదనతో మా పెద్దలు ఒప్పుకుంటారని మాత్రం అనుకోను).

నా చిక్కు ఏమిటంటే, లోపరచుకొనుటకు మూలమైన కాబష్ నిజంగానే కఠినమైన మాట. దానిని దాటవేయకుండా, 2:15తో కలిపి, పది నిమిషాల్లో, ఎవరినీ నొప్పించకుండా ఎలా వివరించాలో వేదాంత విద్య అభ్యసించినవారు గాని, ఇటువంటి సందర్భం ఎదుర్కొన్న కాపరులు గాని దయచేసి తెలుపగలరు. వచ్చే ఆదివారమే కమిటీ కూర్చుంటుంది.