మెడికల్ కాలేజీ పబ్లికేషన్ల లెక్కకు గూగుల్ స్కాలర్ చాలదా, స్కోపస్ చందా కట్టాల్సిందేనా?

బ్రాడీపేట_లైబ్రరీ:
గుంటూరులో ఓ ప్రైవేటు కాలేజీ లైబ్రరీ కమిటీలో నలుగుతున్న ప్రశ్న ఇది. డిపార్టుమెంట్ల వారీగా ఏటా పేపర్లు, సైటేషన్లు (ఇతరుల రచనల్లో వచ్చిన ప్రస్తావనలు), హెచ్-ఇండెక్స్ (కనీసం 5 సైటేషన్లున్న పేపర్లు 5 ఉంటే అది 5) లెక్క తేల్చాలి. పరిశోధనా పత్రికల డేటాబేస్ స్కోపస్‌కు డబ్బు పోయాలి, పేపర్లు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ ఉచితం. పైగా స్కోపస్‌లో లేని మన పత్రికలు, పుస్తకాల్లోని అధ్యాయాలు అందులో దొరుకుతాయి. నా ఓటు స్కాలర్‌కే. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

బెంజిసర్కిల్_ఫార్మకాలజీ:
దొరకడమే దాని జబ్బు సార్. థీసిస్‌లు, ప్రీప్రింట్లు (సమీక్షకు ముందే నెట్‌లో పెట్టే పేపర్లు), కాలేజీ వెబ్‌సైట్‌లో పెట్టిన పీడీఎఫ్‌లు, అన్నిట్లోంచీ సైటేషన్లు ఏరుకొస్తుంది. ఒకరి పేపర్లకు సైటేషన్లు 31, 18, 12, 7, 6, 5, 2, 0 అనుకోండి. అయిదో పేపరుకు 6 ఉన్నాయి, ఆరోదానికి 5 మాత్రమే. కాబట్టి హెచ్-ఇండెక్స్ 5. ఆ ఆరో పేపరును ఒక్క పీజీ థీసిస్‌లో ప్రస్తావిస్తే చాలు, 6 అయిపోతుంది. ప్రొఫైల్‌ను ఆటోమేటిక్ అప్‌డేట్‌లో వదిలేస్తే అదే పేరున్న పక్క రాష్ట్రం వాళ్ల పేపర్లూ వచ్చి చేరతాయి. ముందు ఆ సెట్టింగు మార్చి, ఈమెయిల్‌లో అడిగాకే చేర్చేలా పెట్టండి.

కొత్తపేట_సర్జన్:
ఇదంతా ఎవరి కోసం? ప్రమోషన్‌కు హెచ్-ఇండెక్స్ ఎవరూ అడగరు, పత్రిక ఏ ఇండెక్స్‌లో (పత్రికల పేపర్లను నమోదు చేసే డేటాబేస్‌లో) ఉందో అడుగుతారు. అధ్యాపకుల అర్హతల నిబంధనలకు భారత వైద్య మండలి (ఎంసీఐ) తెచ్చిన 2020 ఫిబ్రవరి సవరణలో మెడ్‌లైన్, పబ్‌మెడ్ సెంట్రల్, ఎంబేస్, స్కోపస్, డీఓఏజే లాంటివి పేర్కొన్నారు. అంతకుముందు చెల్లిన ఇండెక్స్ కోపర్నికస్ అందులో లేదు. దరఖాస్తు నాటికి అమల్లో ఉన్న నోటిఫికేషన్ చూసుకుంటే సరి. దానికి చందా ఎందుకు?

మంగళగిరి_ఎపిడెమియాలజీ:
సగం నిజం డాక్టర్ గారూ. వైద్య పేపర్లు వెతికే ఉచిత సైటు పబ్‌మెడ్‌లో కనబడ్డ ప్రతిదీ మెడ్‌లైన్ (ఎంపిక చేసిన పత్రికల ఇండెక్స్) కాదు. పూర్తి పేపర్లు దాచే పబ్‌మెడ్ సెంట్రల్‌లోంచి వచ్చే పేపర్లూ అందులోనే ఉంటాయి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం (ఎన్‌ఎల్‌ఎం) క్యాటలాగ్‌లో పత్రిక పేరు కొట్టి, 'కరెంట్లీ ఇండెక్స్‌డ్ ఫర్ మెడ్‌లైన్' అన్న లైను ఉందో లేదో చూడండి. స్కోపస్ పత్రికల జాబితా కూడా చందా లేకుండానే దొరుకుతుంది. అందులో చాలామంది వదిలేసే గడి ఒకటుంది, కవరేజీ ఏ ఏడాది వరకు అని. పేపరు 2023లో వచ్చి, కవరేజీ 2021లో ఆగిపోయి ఉంటే ఆ పేపరు లెక్కలోకి రాదు. పత్రికను గుర్తించే ఐఎస్‌ఎస్‌ఎన్ అంకె మాత్రమే నమ్మొద్దు, అదే అంకె పెట్టుకున్న నకిలీ సైట్లున్నాయి. అడ్రసు బార్ కూడా సరిపోల్చాలి.

ఇక ఇంపాక్ట్ ఫ్యాక్టర్: 2024 అంకె అంటే 2022, 2023ల్లో వచ్చిన వ్యాసాలకు 2024లో దక్కిన సైటేషన్లను ఆ వ్యాసాల సంఖ్యతో భాగించగా వచ్చింది. 2023 జూన్‌లో విడుదలైన 2022 అంకెల నుంచి వాటిని ప్రకటించే క్లారివేట్ సంస్థ దశాంశం తర్వాత ఒక్క అంకే ఇస్తోంది. 2024కి '3.142' అని హోమ్ పేజీలో గొప్పగా వేసుకున్న పత్రికను అనుమానించండి.

బ్రాడీపేట_లైబ్రరీ:
సరే మేడం, ఇవన్నీ ఉచితంగానే అయ్యాయిగా? నా మాటే నిలిచింది.

బెంజిసర్కిల్_ఫార్మకాలజీ:
నిలవలేదు సార్. ఒక మనిషి లెక్క వేరు, మొత్తం కాలేజీ లెక్క వేరు. పబ్‌మెడ్‌లో అఫిలియేషన్ (రచయిత పనిచేసే సంస్థ) ట్యాగ్‌తో 'సిద్ధార్థ మెడికల్' అని వెతకండి. బెజవాడ ప్రభుత్వ కాలేజీ, చినఅవుటపల్లి పిన్నమనేని సిద్ధార్థ, తుమకూరు శ్రీ సిద్ధార్థ, మూడూ కలగలిసి వస్తాయి. 'విజయవాడ' చేరిస్తే గన్నవరం అని మాత్రమే రాసినవి జారిపోతాయి. పైగా 2014కు ముందు పబ్‌మెడ్ మొదటి రచయిత అఫిలియేషన్ ఒక్కటే నమోదు చేసేది. మీవాళ్లు రెండో, మూడో రచయితలైతే ఆ పాత పేపర్లు ఈ వెతుకులాటకు దొరకవు. విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ర్యాంకింగు ఎన్‌ఐఆర్‌ఎఫ్ పేపర్ల లెక్క స్కోపస్, అలాంటిదే అయిన వెబ్ ఆఫ్ సైన్స్‌ల నుంచే తీసుకుంటుంది. అక్కడ మీ కాలేజీ పేరు నాలుగు ముక్కలైతే స్కాలర్ ఆదుకోదు.

మంగళగిరి_ఎపిడెమియాలజీ:
ముక్కలను కలపడం మొదలుపెట్టాల్సింది మన పేర్ల దగ్గర. ఇంటిపేరు కొల్లి, పేరు వెంకట రమణ అయితే ఒక పత్రిక 'కొల్లి వీఆర్' అంటుంది, ఇంకోటి 'రమణ కేవీ', మరోటి 'వెంకట రమణ కే'. స్కోపస్‌లో ముగ్గురు మనుషులవుతారు. ప్రొఫైళ్లు కలపమని అడిగే ఫీడ్‌బ్యాక్ విజార్డ్‌కు చందా అక్కర్లేదు. రచయితను గుర్తించే 16 అంకెల ఆర్కిడ్ ఐడీని పేపరు పంపేటప్పుడే ఇవ్వాలి. అచ్చయ్యాక ఆర్కిడ్ ఖాతాలో చేర్చుకున్నా పబ్‌మెడ్ రికార్డులోకి అది వెళ్లదు. పేపర్ల వివరాలు నమోదు చేసే సంస్థ క్రాస్‌రెఫ్‌కు ఆ ఖాతాలో ఆటో అప్‌డేట్ అనుమతి కూడా ఇచ్చేయండి.

డిపార్టుమెంట్లను పోల్చేటప్పుడు హెచ్-ఇండెక్స్ పక్కన పెట్టి, పేపర్ల పబ్‌మెడ్ నంబర్లు (పీఎంఐడీలు) సైటేషన్ల లెక్క చూపే ఐసైట్‌లో అతికించండి, ఉచితమే. అది చూపే ఆర్‌సీఆర్ (సాపేక్ష సైటేషన్ నిష్పత్తి) 1 అంటే అమెరికా ఎన్‌ఐహెచ్ (జాతీయ ఆరోగ్య సంస్థ) నిధులతో వచ్చిన పేపర్ల మధ్యస్థ స్థాయి. రంగాన్ని బట్టి సరిచేసిన అంకె గనక చర్మవ్యాధుల వాళ్లను కార్డియాలజీతో తూచినా అన్యాయం జరగదు. పబ్‌మెడ్‌లో లేని పేపర్లకు మాత్రం అది పనిచేయదు.

కొత్తపేట_సర్జన్:
మరి పేపరు పంపేటప్పుడు కాలేజీ పేరు ఏ స్పెల్లింగ్‌తో రాయాలో ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. చందా సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

బ్రాడీపేట_లైబ్రరీ:
సర్క్యులర్ రాస్తున్నాను. డిపార్టుమెంటు, కాలేజీ పూర్తి పేరు, గుంటూరు, పిన్‌కోడ్, ఆంధ్రప్రదేశ్, ఇండియా, ఈ వరసలోనే. ఆసుపత్రి పేరు కాలేజీకి బదులుగా రాయొద్దు, పక్కన కావాలంటే రాసుకోవచ్చు. స్కోపస్ మీద మాత్రం నా అభిప్రాయం మారలేదు.